కార్డు మార్చాక కంప్యూటర్ ఆగిపోతోందా?

హన్మకొండలో ఉండే మా అక్క కొడుకు వేసవి సెలవుల్లో ఫోన్ చేశాడు. "మామా, కొత్త కార్డు పెట్టిన కాన్నుంచి గేమ్ ఆడుతుంటే మధ్యల బంద్ అయితుంది. కార్డే ఖరాబున్నదంటున్నరు." ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో సెకండ్‌హ్యాండ్‌లో ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు కొనుక్కున్నాడు. అంతకు ముందు వాడింది జీటీఎక్స్ 1650. వారం రోజుల్లో రెండుసార్లు ఫార్మాట్ కొట్టించాడు, ర్యామ్ మార్పించాడు, ఆఖరికి కార్డునే వచ్చిన ధరకు అమ్మేద్దామనుకున్నాడు. తీరా చూస్తే కార్డులో ఏ లోపమూ లేదు.

పాత కార్డు తీసుకునేది 75 వాట్లు. కొత్తదానికి 320 కావాలి. నాలుగు రెట్లకు మించిన భారం ఒక్కసారిగా మీద పడితే, అన్నాళ్లూ చప్పుడు చేయకుండా ఉన్న బలహీనతలన్నీ బయటపడతాయి. నింద మాత్రం కొత్తగా వచ్చిన కార్డు మీద పడుతుంది. ఈ పొరపాటుతో పిల్లలు కష్టార్జితం పోగొట్టుకోవడం చాలాసార్లు చూశాను, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

అపోహ: కార్డు పెట్టాకే మొదలైంది కాబట్టి కార్డే పాడైంది.

వాస్తవం: ఎలా ఆగిపోయిందో గమనించకుండా ఏమీ చెప్పలేం. కరెంటు పోయినట్టు టక్కున ఆరిపోయి, దానంతటదే మళ్లీ ఆన్ అయిందా? ముందు ఎస్ఎంపీఎస్‌ను, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బాను అనుమానించాలి. భారం హద్దు దాటగానే తనను తాను కాపాడుకోవడానికి అది సరఫరా ఆపేస్తుంది. తెర నల్లబడి, కార్డు ఫ్యాన్లు హోరుమంటూ, గేమ్ శబ్దం మాత్రం కాసేపు వినిపిస్తుంటే కార్డుకు కరెంటు సరిగా అందడం లేదేమో, స్లాట్‌లో సరిగా కూర్చోలేదేమో చూడాలి. తెర క్షణం నల్లబడి తిరిగి వచ్చి గేమ్ ఒక్కటే మూతపడితే డ్రైవర్‌ను, ఓవర్‌క్లాక్‌ను పట్టించుకోవాలి. కార్డు నుంచి 2 సెకన్ల దాకా జవాబు రాకపోతే విండోస్ ఆ డ్రైవర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. విస్టా కాలం నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. ఏ సందేశమూ లేకుండా గేమ్ మాయమై డెస్క్‌టాప్ కనిపిస్తే ర్యామ్, ప్రాసెసర్, గేమ్ ఫైళ్లు కూడా లెక్కలోకి వస్తాయి.

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కర్నెల్ పవర్ 41 అని కనబడగానే "పవర్ సమస్యే, తేలిపోయింది" అనేస్తారు. సక్రమంగా షట్‌డౌన్ కాకుండానే కంప్యూటర్ మళ్లీ లేచిందని మాత్రమే ఆ 41 చెబుతుంది. ఎందుకో చెప్పదు. మీరే స్విచ్ నొక్కిపట్టి ఆపేసినా అదే నమోదవుతుంది.

అపోహ: ఎస్ఎంపీఎస్ మీద రాసిన వాట్లు భాగాలన్నిటి కూడికకు సరిపోతే చాలు.

వాస్తవం: ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 320 వాట్లన్నది సగటు లెక్క. గేమ్‌లో ఒక పేలుడో, కొత్త దృశ్యమో వచ్చినప్పుడు సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ వ్యవధిలో కార్డు అంతకు ఎన్నో వాట్లు ఎక్కువ లాగుతుంది, వెంటనే తగ్గుతుంది. మామూలు వాట్ మీటర్‌కు ఆ ఎగుడుదిగుళ్లు కనబడవు. ఎస్ఎంపీఎస్‌లోని రక్షణ వలయానికి కనబడతాయి. అది ప్రమాదమనుకుని ఆపేస్తుంది. ఈ ఇబ్బంది ఎంత నిజమైనదంటే, 2022 ఫిబ్రవరిలో వచ్చిన ఇంటెల్ ఏటీఎక్స్ 3.0 ప్రమాణం దాన్ని నియమాల్లోకే ఎక్కించింది. కొత్త 16 పిన్ల కనెక్టరుతో, 450 వాట్లకు మించిన సామర్థ్యంతో వచ్చే ఎస్ఎంపీఎస్ తన సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని అందులో ఉంది.

మావాడి దగ్గరున్నది 550 వాట్లది. ఈ కార్డుకు ఎన్విడియా సూచించింది 750. "80 ప్లస్ గోల్డ్ కదా మామా" అన్నాడు. ఆ ముద్ర గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా అవుతుందో చెబుతుంది, అంతే. ఇలాంటి కుదుపుల్ని తట్టుకుంటుందా లేదా అన్నది ఆ ముద్రలో లేదు. చవక ఎస్ఎంపీఎస్ కొనేవాళ్లు డబ్బా పక్కన అంటించిన పట్టికలో 12 వోల్టుల వరుస చూడాలి. కార్డు, ప్రాసెసర్ ప్రధానంగా అక్కడి నుంచే తీసుకుంటాయి. పైన పెద్దక్షరాల్లో 500 అని ఉండి, 12 వోల్టుల వరుసలో మూడొందలు కూడా లేనివి నేను చేత్తో పట్టుకుని చూశాను.

"ఫర్‌మార్క్ అరగంట నడిపాం, ఏమీ కాలేదు, కాబట్టి కరెంటు బాగానే ఉంది" అనేది దీనికి తోడబుట్టిన అపోహ. కార్డును పరీక్షించే ఈ ఫర్‌మార్క్ ప్రోగ్రాం పెట్టే భారం ఎక్కువే కానీ నిలకడగా ఉంటుంది. గేమ్ పెట్టేది ఎగిరి పడే భారం. మొదటిదాన్ని మోసిన ఎస్ఎంపీఎస్ రెండోదానికి లొంగిపోవచ్చు.

దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించి, రోజూ ఆగిపోయే గేమ్‌నే గంటసేపు ఆడండి. ఆగకపోతే తప్పు కరెంటు వైపో, వేడి వైపో ఉందని గట్టిగా అనుమానించవచ్చు. మావాడిది ఆగలేదు. ఫార్మాట్లకూ ర్యామ్‌కూ ఖర్చు పెట్టకముందే ఈ పరీక్ష చేసి ఉంటే ఎంత బాగుండేదో.

అపోహ: యూపీఎస్ ఉంది కాబట్టి కరెంటు వైపు భయం లేదు.

వాస్తవం: మన ఇళ్లలో కంప్యూటర్ కింద కూర్చుని ఉండే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సాధారణంగా 360 వాట్లు. వీఏ అంకెను చూసి వాట్లనుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. 320 వాట్ల కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిస్తే ఆ హద్దు ఎప్పుడో దాటిపోతాయి. సాయంత్రాలు వోల్టేజీ పడిపోయినప్పుడు యూపీఎస్ బ్యాటరీకి మారుతుంది, మారిన మరుక్షణమే భారం మోయలేక చేతులెత్తేస్తుంది. చీకటి పడ్డాకే కంప్యూటర్ ఎక్కువగా ఆగుతోందని మావాడు చెప్పినప్పుడు నాకు మొదట తట్టింది ఇదే. ఒకరోజు యూపీఎస్ తప్పించి, ఎర్తింగ్ సరిగా ఉన్న ప్లగ్గులో నేరుగా పెట్టి చూడమన్నాను. పవర్ లిమిట్ తగ్గించకుండానే ఆగడం సగానికి తగ్గింది. ఎస్ఎంపీఎస్ కూడా మార్చాక మిగతాదీ పోయింది. యూపీఎస్‌ను ఇప్పుడు వైఫై రూటర్‌కు వాడుకుంటున్నారు.

అపోహ: కనెక్టర్ పడితే చాలు, ఏ కేబులైనా ఒకటే.

వాస్తవం: స్లాట్ నుంచి కార్డుకు 75 వాట్లు, ఒక్కో 8 పిన్ల కనెక్టరుకు 150 వాట్లు అన్నది ప్రమాణం. ఒకే కేబులు చివర రెండు కనెక్టర్లు వేలాడుతుంటే ఆ రెంటినీ పెద్ద కార్డుకు పెట్టకండి. ఎస్ఎంపీఎస్ నుంచి వేర్వేరు కేబుళ్లు తీయండి. మాడ్యులర్ ఎస్ఎంపీఎస్ మార్చేటప్పుడు పాత కేబుళ్లను అలాగే ఉంచేయడం మరీ ప్రమాదం. కార్డు వైపు పిన్నులు అందరివీ ఒకటే, ఎస్ఎంపీఎస్ వైపు అమరిక మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. తప్పు కేబులు హార్డ్‌డిస్కును నిమిషంలో కాల్చేయగలదు. దయచేసి ఈ ఒక్క విషయంలో ప్రయోగాలు వద్దు. 2022లో ఆర్‌టీఎక్స్ 4090తో వచ్చిన 16 పిన్ల కనెక్టర్ కొందరి దగ్గర కరిగిపోవడానికి ఒక ముఖ్య కారణం, అది లోపలి దాకా దిగకపోవడం. చివరిదాకా నొక్కి, సందు లేదని కళ్లతో చూసుకోవాలి.

అపోహ: ఫార్మాట్ కొట్టిస్తే అన్నీ పోతాయి.

వాస్తవం: పాత డ్రైవర్ అవశేషాలు కొత్త కార్డును ఇబ్బంది పెట్టే మాట నిజమే, ముఖ్యంగా ఏఎండీ నుంచి ఎన్విడియాకో, అటు నుంచి ఇటో మారినప్పుడు. దానికి సేఫ్ మోడ్‌లో పాత డ్రైవర్‌ను పూర్తిగా తుడిచే డీడీయూ ప్రోగ్రాం నడిపి, డ్రైవర్ తాజాగా వేసుకుంటే చాలు, ఫొటోలూ ప్రాజెక్టులూ తుడిచేసుకోనక్కర్లేదు. ఇక డ్రైవర్ ఎంత పని చేయగలదో 2020 సెప్టెంబరులో చూశాం. ఆర్‌టీఎక్స్ 3080 విడుదలైన కొద్ది రోజులకే చాలామందికి గేములు కూలిపోయాయి. బోర్డు వెనకున్న కెపాసిటర్ల రకమే కారణమని గట్టిగా ప్రచారమైంది, ఆ భయంతో బోర్డు ఫొటోలు చూసి కార్డులు ఎంచుకున్నారు. నెలాఖరులో 456.55 డ్రైవర్ వచ్చాక అదే కార్డులు ఎంతోమందికి స్థిరపడ్డాయి.

అపోహ: వీడియో మెమరీ చాలలేదని తెర మీదే వస్తోంది, ఇంకా కార్డు కాదంటారేం?

వాస్తవం: అన్‌రియల్ ఇంజిన్ గేముల్లో ఈ సందేశం చూసి ఎందరో మంచి కార్డుల్ని వెనక్కి పంపారు. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్నింటి విషయంలో అసలు తప్పు ప్రాసెసర్‌దే. ఈ లక్షణాలుంటే ఇంటెల్‌ను సంప్రదించమని 2024 ఏప్రిల్‌లో ఎన్విడియానే సూచించింది. ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోందని ఇంటెల్ ఆ జులైలో ఒప్పుకుంది, ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్ ఇచ్చింది, ఆ ప్రాసెసర్ల వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. మైక్రోకోడ్ రాబోయే నష్టాన్ని ఆపుతుంది కానీ జరిగిన నష్టాన్ని బాగుచేయదు. కాబట్టి ఆ తరం ఐ7, ఐ9 ఉన్నవాళ్లు ఆ మైక్రోకోడ్ కోసం మదర్‌బోర్డు బయాస్ తాజా చేసుకోవాలి, అయినా కూలిపోతుంటే ప్రాసెసర్ వారంటీ అడగాలి. ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ కూడా ఒకరకం ఓవర్‌క్లాకే. దాన్ని ఆపి ఒకరోజు ఆడి చూస్తే సందేహం తీరుతుంది.

వేడి గురించి ఒక్క మాట. కార్డు వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటుంది, ఉన్నపళంగా ఆరిపోవడం అరుదు. కానీ 320 వాట్ల వేడి క్యాబినెట్‌లోకే వస్తుంది, పక్కనున్న ప్రాసెసర్ ఆ వేడి గాలినే పీల్చుకుంటుంది. మే నెలలో మన గదుల్లో క్యాబినెట్ పక్క తలుపు తీసి ఆడి చూసినా తేడా తెలుస్తుంది.

ఇన్ని చూశాక కూడా కార్డే దోషి కావచ్చు. గేమ్ సంగతి అటుంచి, బయాస్ తెర మీదే రంగు చుక్కలో గళ్లో కనబడితే, గట్టి ఎస్ఎంపీఎస్ ఉన్న ఇంకో కంప్యూటర్‌లోనూ అలాగే ఆగిపోతే, పాత కార్డు తిరిగి పెట్టగానే అంతా సర్దుకుంటే అప్పుడు సందేహించక్కర్లేదు. పాత కార్డు ఒక్కటే బాగా నడిచిందని మాత్రం తీర్పు ఇవ్వకండి, దాని భారం తక్కువ కదా. సర్వీస్ సెంటర్‌కు వెళ్లేటప్పుడు తేదీలు, డ్రైవర్ నంబర్లు, ఆగిన తీరు ఫోన్‌లో తీసిన వీడియో, ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూసిన ఫలితం వెంట తీసుకెళ్లండి. "అప్పుడప్పుడు ఆగుతోందండీ" అంటే వాళ్లు పది నిమిషాలు నడిపి, బాగానే ఉందని తిరిగి చేతిలో పెడతారు.