కూత పెట్టే గుమ్మం

1881 జులై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. ఎక్స్‌రే అప్పటికింకా పుట్టలేదు. డాక్టర్లు కడుక్కోని వేళ్లతో గాయాన్ని కెలికారు తప్ప తూటా జాడ పట్టలేకపోయారు.

అప్పుడు టెలిఫోన్ సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహంబెల్ తీగచుట్టలతో ఒక పరికరం చేసుకొచ్చాడు. లోహం దగ్గరికి తీసుకెళితే రిసీవర్లో సన్నటి రొద వినబడుతుంది. బయట పరీక్షల్లో చక్కగా పనిచేసింది. అధ్యక్షుడి మంచం దగ్గర మాత్రం చాలా చోట్ల రొదే! పరుపు కింద ఉక్కు తీగలున్న సంగతి బెల్‌కి తర్వాతగానీ తెలియలేదు. దానికి తోడు పెద్ద డాక్టరు బ్లిస్, తూటా కుడివైపే ఉందని పట్టుబట్టి అటే వెతకనిచ్చాడు. అది ఎడమవైపు ఉంది. సెప్టెంబర్ 19న గార్‌ఫీల్డ్ చనిపోయాడు. పరికరం నిజమే చెప్పింది, వెతికించినవాళ్లే దారి తప్పారు.

ఇవాళ విమానాశ్రయాల్లో మనం దాటే మెటల్ డిటెక్టర్ గుమ్మానికి ముత్తాత ఆ పరికరమే. నడుమ అది రెండో ప్రపంచ యుద్ధానికీ వెళ్లింది. స్కాట్లాండ్‌లో తలదాచుకున్న పోలండ్ సైనికాధికారి యూజెఫ్ కొసాత్స్కీ మందుపాతరలు పసిగట్టే పరికరం తయారుచేసి, పైసా తీసుకోకుండా బ్రిటిష్ సైన్యానికి ఇచ్చేశాడు. 1942లో ఈజిప్టులోని ఎల్ అలమీన్ ఎడారిలో సైన్యానికి దారి చూపినవి అవే.

విమానాల దగ్గరికి డిటెక్టర్‌ను రప్పించింది హైజాకర్లు. 1972 నవంబర్‌లో అమెరికాలో ముగ్గురు హైజాకర్లు విమానాన్ని ఓక్ రిడ్జ్ అణుకేంద్రం మీద కూల్చేస్తామని బెదిరించారు. అంతవరకూ ఖర్చనీ, ప్రయాణికులకు చిరాకనీ గొణిగిన విమాన సంస్థలకు ఇక దారి లేకపోయింది. 1973 జనవరి 5 నుంచి అక్కడ ప్రతి ప్రయాణికుడికీ తనిఖీ తప్పనిసరైంది. ఏటా పదుల్లో జరిగే హైజాకింగులు ఒక్కసారిగా పడిపోయాయి.

గుమ్మం పని తీరు చిత్రంగా ఉంటుంది. రెండు పక్కల పలకల్లోని తీగచుట్టల్లో కరెంటు సెకనుకు వందసార్లకు పైగా తటాలున పారి ఆగుతుంది. ప్రతిసారీ అయస్కాంత క్షేత్రం పుట్టి సమసిపోతుంది. మధ్యలో లోహముంటే దానిలో సుడి ప్రవాహాలు లేచి, క్షేత్రం సమసిపోవడం లిప్తపాటు ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని పట్టుకునే గుమ్మం కూత పెడుతుంది. ఇనుమే కానక్కర్లేదు, రాగైనా బంగారమైనా ఒకటే. అందుకే వడ్డాణం పెట్టుకున్న పెళ్లివారు రెండోసారి తనిఖీకి నిలబడాల్సి వస్తుంది. లోహం లేని ప్లాస్టిక్ పేలుడు పదార్థాన్ని మాత్రం అది పట్టలేదు. ఆ పని వేరే యంత్రాలది.

ఇక 2001 సెప్టెంబర్ 11. వాషింగ్టన్ పక్కనున్న డల్లెస్ విమానాశ్రయంలో, తర్వాత పెంటగాన్‌ను ఢీకొట్టిన విమానం ఎక్కిన హైజాకర్లలో ముగ్గురి దగ్గర గుమ్మం మోగింది. వాళ్లలో ఇద్దరికి రెండో గుమ్మం దగ్గరా మోగింది. ఆ ఇద్దరి ఒంటి మీదా చేతి డిటెక్టర్ తిప్పి పంపేశారు. గుమ్మం దేనికి మోగిందో తేల్చనేలేదు. ఆ దాడులపై వేసిన విచారణ సంఘం ఒక నిపుణుడికి వీడియో చూపించి, ఆ తనిఖీని తప్పుపట్టింది. నా దృష్టిలో ఈ యంత్రం కథలో అసలు ఘట్టం ఇదే.

మన దగ్గర 1999లో హైజాకర్లు ఐసీ-814 విమానాన్ని కాందహార్‌కు మళ్లించాక, 2000 నుంచి విమానాశ్రయాల కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్) చేతికి వస్తూ వచ్చింది. అక్కడ గుమ్మం మోగితే మనిషి ఆగాల్సిందే. ఎన్నో రైల్వే స్టేషన్లలో మాత్రం గుమ్మం అందరికీ మోగుతూనే ఉంటుంది, ఎవరూ తలెత్తి చూడరు. అలాంటి గుమ్మానికి కరెంటు బిల్లు కూడా దండగే. ఈసారి మీకు మోగితే, పిలవకపోయినా ఆగి, జేబులో ఉన్నది తీసి చూపించండి. చూసేవాళ్లు లేకపోతే, ఎందుకు లేరని అక్కడే అడగండి.