కంప్యూటర్ డ్రమ్ముల్లో మన డప్పు ఏదీ?

టెక్కలి: పాట రికార్డు చేయాలంటే ఒకప్పుడు విశాఖపట్నమో మద్రాసో వెళ్లవలసి వచ్చేది. స్టూడియో అద్దె, వాద్యకారుల భత్యం, రానుపోను ఖర్చులు పల్లె కళాకారునికి తలకు మించిన భారం. ఇప్పుడా బెడద తగ్గింది. ఒక కంప్యూటరు, ఒక మైకు, చెవులకు హెడ్‌ఫోన్లు వుంటే ఉద్దానం కొబ్బరితోటల మధ్య ఇంట్లోనే పాట తయారవుతుంది. భజన పాటైనా, చర్చి పాటైనా, అమ్మవారి సంబరాల పాటైనా మనిషి పాడితే చాలు, తాళం కంప్యూటరే వేస్తుంది. అయితే తాళం వేసే సాఫ్ట్‌వేరులో దేన్ని ఎంచుకోవాలన్నది ఔత్సాహికులకు చిక్కు ప్రశ్నగా వుంది.

పెట్టెలో డ్రమ్ములు

ఈ సాఫ్ట్‌వేరు పనిచేసే తీరు సులువైనదే. డ్రమ్ముపై వేసిన ఒక్కొక్క దెబ్బను విడివిడిగా రికార్డు చేసి దాచిపెడతారు. మీట నొక్కినప్పుడు ఆ దెబ్బ వినిపిస్తుంది. అమెరికాకు చెందిన రోజర్ లిన్ 1980లో తెచ్చిన ఎల్.ఎం.-1 అనే యంత్రం ఈ పద్ధతికి దారి తీసింది. జపాన్‌కు చెందిన రోలాండ్ సంస్థ 1985లో ఆక్టాప్యాడ్‌ను విడుదల చేసింది. పందిళ్లలో ఆర్కెస్ట్రా వారు పుల్లలతో కొట్టే ‘ప్యాడ్’ ఈ కోవదే. జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ 1999 నాటికి వాద్యాలను కంప్యూటరులోనే పలికించే ఏర్పాటు చేయడంతో విడిగా యంత్రం కొనవలసిన పని లేకపోయింది.

కొనేముందు చూడవలసినవి

మొదట చూడవలసింది కంప్యూటరు శక్తి. స్వీడన్ సంస్థ టూన్‌ట్రాక్ 2017లో తెచ్చిన సుపీరియర్ డ్రమ్మర్ 3 పేరున్నదే. కాని దాని ధ్వనులన్నీ కలిపి 230 గిగాబైట్లకు పైమాటే. మామూలు ల్యాప్‌టాప్ ఆ బరువు మోయలేదు. అదే సంస్థ ఈజీడ్రమ్మర్ అంతకంటె తేలిక. డబ్బు పెట్టలేనివారికి ఎం.టి. పవర్ డ్రమ్ కిట్, హైడ్రోజన్ ఉచితంగా దొరుకుతాయి.

రెండవది ఆలస్యం. మీట నొక్కిన తరువాత దెబ్బ ఎప్పుడు వినిపిస్తుందన్నది ముఖ్యం. సాఫ్ట్‌వేరు అమరికలో బఫర్ 1024 వుంటే, అదొక్కటే సెకనులో వెయ్యో వంతులు 23 ఆలస్యం చేస్తుంది. వాయించేవారి చేయి తడబడుతుంది. దాన్ని 128కి తగ్గిస్తే ఆలస్యం మూడు వంతులే. పాత కంప్యూటర్లలో మరీ తగ్గిస్తే ధ్వని చిటపటలాడుతుంది కనుక కొద్దికొద్దిగా దించి చూసుకోవాలి.

మూడవది సహజత్వం. ఒకే దెబ్బను పదిసార్లు అదే తీరున వినిపిస్తే టైపు మిషను చప్పుడులా వుంటుంది. మెల్లని దెబ్బ, గట్టి దెబ్బ వేర్వేరుగా, ఒక్కొక్కటి నాలుగైదు రకాలుగా వున్న సాఫ్ట్‌వేరే మేలు.

లేనిదల్లా మనదే

అసలు చిక్కు ఇక్కడే వుంది. ఖరీదైనవైనా, ఉచితమైనవైనా వీటిలో ఎక్కువగా వుండేవి పాశ్చాత్య డ్రమ్ములే. ఎలక్ట్రానిక్ వాద్యాలకు 1991లో ప్రపంచమంతటికీ ఒకే పట్టిక నిర్ణయించారు. అందులోని 47 తాళధ్వనులలో క్యూబా బొంగోలు, బ్రెజిల్ క్వీకా వున్నాయి. మన తబలాకు, డోలక్‌కు కూడా చోటు దొరకలేదు. భారతీయ వాద్యాల ధ్వనులు తరువాత విడిగా అమ్మకానికి వచ్చాయి. వాటిలోనూ ఉత్తరాంధ్ర జముకు, తప్పెటగుళ్లు సాధారణంగా కనిపించవు.

జముకు సంగతి మరీ ప్రత్యేకం. తోలు మధ్య నుంచి వచ్చే తీగను బిగిస్తూ, వదులుతూ మీటడం వల్ల ధ్వని సాగుతూ వంగుతుంది. ఒక్క దెబ్బ దాచుకుంటే ఆ వంపు రాదు. జముకుల కథలోని ఒడుపు ఏ మీట నొక్కినా పలకదు.

2020లో వచ్చిన ‘పలాస 1978’ చిత్రంలోని జానపదాలను రాష్ట్రమంతా విన్నది. ఈ ప్రాంతపు పాటకు వినేవారు వున్నారని తేలింది. అటువంటి పాటకు వెనుక అమెరికా డ్రమ్ము మోగితే, మాట మనదైనా నడక మనది కాకుండా పోతుంది.

సొంతంగా చేసుకోవచ్చు

దీనికి మార్గం లేకపోలేదు. హైడ్రోజన్‌లో మనం రికార్డు చేసిన దెబ్బలను చేర్చుకోవచ్చు. మెల్లనివి, గట్టివి పొరలుగా అమర్చుకోవచ్చు. డప్పును మంట దగ్గర కాచిన వెంటనే రికార్డు చేయాలి. సముద్రపు గాలి తేమకు తోలు త్వరగా వదులవుతుంది. నడుమ దెబ్బ, అంచు దెబ్బ, సన్న పుల్ల దెబ్బ, ఈ మూడింటినీ మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా నాలుగేసి సార్లు కొట్టిస్తే 36 ముక్కలు చేతికి వస్తాయి. మైకు చేయి చాపినంత దూరంలో వుండాలి. ధాన్యం బస్తాలున్న గదిలో గోడలకు బొంతలు వేలాడదీస్తే ప్రతిధ్వని అణుగుతుంది. పలాస, కాశీబుగ్గ వంటి చోట్ల రైళ్ల కూత, జీడిపప్పు కార్ఖానాల రొద లేని వేళ చూసుకోవాలి.

జముకు విషయంలో మాత్రం విడి దెబ్బలు కాక పూర్తి వరుసలే రికార్డు చేయాలి. హెడ్‌ఫోన్లలో టిక్కుటిక్కుమనే లెక్క వినిపిస్తూ ఎనిమిది ఆవర్తాలు వాయింపజేసి, ఉచితంగా దొరికే ఆడాసిటీలో పాటకు జతచేయవచ్చు.

వాయించినవాని మాట

ఇందులో మరవరాని విషయం ఒకటుంది. డప్పు కళాకారుడు ఒక్కరోజు వాయించిన దెబ్బలు కంప్యూటరులో వెయ్యి పాటలకు పనికివస్తాయి. ఆ వెయ్యి పాటలకు అతనికి పిలుపు రాదు. కనుక ఒక పూట కూలి చేతిలో పెట్టి పంపడం న్యాయం కాదు. ఎన్ని పాటలకు వాడుకుంటారు, ఎంత ఇస్తారు, ఇతరులకు అమ్మితే వాటా ఎంత అన్నది ముందే కాగితంపై రాసుకోవాలి. 1957 కాపీరైటు చట్టానికి 1994లో, 2012లో చేసిన సవరణలు ప్రదర్శన ఇచ్చిన కళాకారునికి హక్కులు కల్పించాయి. తన పేరు వేయమని కోరే హక్కు కూడా వాటిలో వుంది.

పెళ్లికి, సంబరానికి డప్పు ముందు నడిచిన పల్లెలివి. ఇంటి స్టూడియోలు పెట్టుకునే యువకులు సాఫ్ట్‌వేరు ధర అడిగే ముందు, అది ఊరి డప్పును లోపలికి రానిస్తుందో లేదో అడగాలి. రానిచ్చేదాన్నే ఎంచుకుని, వాయించినవాని పేరు, ప్రతిఫలం మరవకుంటే పాటకూ కళాకారునికీ మేలు జరుగుతుంది.