వార్ధక్యమున తల తిరుగుట యేల?

చెవి వినుటకే యున్నదని మనలో పెక్కుర యభిప్రాయము. అది సగము మాత్రమే నిజము. లోచెవియందు వినికిడితో నిమిత్తము లేని యైదు చిన్న యవయవములు గలవు. మనము పడిపోకుండ నిలుచుటయు, నడచుచునే దారిప్రక్కనున్న పలకపై యక్షరములు చదువగలుగుటయు వీని చలువయే.

వీనిలో మూడు అర్ధచంద్రాకారపు నాళములు, వానినిండ ద్రవముండును. తల త్రిప్పినప్పుడు నాళము కదలును గాని, లోని ద్రవము వెంటనే కదలక వెనుకబడును. నీటిచెంబులో గడ్డిపోచ వేసి, చెంబును చటాలున త్రిప్పి చూడుడు, సంగతి తెలియును. అట్లు వెనుకబడిన ద్రవము రోమకణముల కొనలను వంచగా, నరముద్వారా మెదడునకు వార్త పోవును. బాలికలు ఒప్పులకుప్ప తిరిగి యాగిన పిమ్మట లోకమంతయు గిఱ్ఱున తిరుగుచున్నట్లు తోచుట కిదియే కారణము: కాళ్లు నిలిచినను ద్రవ మింకను పరుగిడుచునే యుండును. తక్కిన రెండును సంచులు. వాని రోమకణములపై జిగురుపొరయు, దానిపై సున్నపురాతి జాతికి చెందిన సూక్ష్మమగు కణికలును గలవు. తల వంచినప్పుడు వాని బరువు ప్రక్కకు జాఱి, ఏది క్రిందో యేది మీదో తెలుపును.

వియన్నా వైద్యుడు రాబర్ట్ బారనీ రోగుల చెవులలో చల్లనినీరు, వేడినీరు పోసి, కన్నుల కదలికనుబట్టి యీ యవయవములను పరీక్షించి, 1914 నోబెల్ బహుమానమునకు పాత్రుడయ్యెను. ఆ వార్త చేరునప్పటి కాయన రుష్యావారి చెరలో యుద్ధఖైదీగా నుండెను!

ఇక ముసలితనము మాట. పక్షులకు నశించిన రోమకణములు మరల మొలచునని 1988లో వెల్లడియైనది. మనుష్యున కా భాగ్యము దాదాపు లేదు. 1973లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, 70 ఏండ్లు దాటినవారి నాళములయందు ఈ కణములు నూటికి సుమారు 40 తగ్గియుండెను. సంచులలో నష్టము దానిలో సగమే.

కణికలును వయసుతో విడిపోవును. అవి త్రోవతప్పి నాళములో పడినచో, మంచముపై ప్రక్కకు తిరిగినంతనే గది గిఱ్ఱున తిరిగి, సాధారణముగా నొక నిమిషములోపున సర్దుకొనును. దీనిని మన యిండ్లలో పైత్యమని శొంఠికషాయము త్రాగింతురు. శొంఠిని నేను నిందింపను. కాని నాళములో పడిన రాతిపొడిని శొంఠి యెట్లు తీయగలదు? ఎప్లీ అను అమెరికా వైద్యుడు 1992లో ప్రకటించిన పద్ధతిప్రకారము, తలను క్రమముగా త్రిప్పి యా కణికలను మరల సంచిలోనికి జార్చుదురు. మందు లేదు, కత్తి లేదు.

కణముల నష్టమున కట్టి సులభోపాయము లేదు. అయినను మనము నిలుచుటకు కన్నులును పాదములును గూడ సాయపడును. చెవి బలహీనమైన తాతగారు పగలు కంటితో సరిపెట్టుకొందురు. రాత్రి దీప మార్పిన యింట లేచినప్పుడే పడుదురు. తుంటియెముక విఱిగి మరల మంచము దిగనివా రెందఱో! కావున పడకకును పెరటితలుపునకును నడుమ రాత్రియెల్ల చిన్నదీప ముంచవలెను. పడుదునన్న భయముతో కుర్చీ విడువకుండుట మఱింత చెఱుపు. ఏలన, చెవి లోటును మెదడు అభ్యాసమువలననే సర్దుకొనును. చూపు ఒకచోట నిలిపి తల నిటునటు త్రిప్పుట, గోడప్రక్కను మెల్లగా నడచుట మున్నగునవి యట్టి యభ్యాసములు. మొదట వానిని వైద్యుని యెదుట నేర్చుకొని, యింట నొకరు ప్రక్కనుండగా చేయవలెను.