బొల్లి - బొల్లి కబుర్లు

రెండేళ్ళ క్రితం మాట. మా కనిగిరిలో డిగ్రీ తరగతికి పద్యపాఠం చెబుతున్నాను. మధ్యలో ‘శ్విత్రం’ అన్న మాట వచ్చింది. నేను చిన్నప్పుడు వల్లించిన అర్థమే అప్పగించాను: “శ్విత్రమంటే తెల్లకుష్ఠు. రాసుకోండి.” అందరూ రాసుకున్నారు. మర్నాటినుంచి చివరి బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి రావడం మానేసింది.

వారం తర్వాత ఆ అమ్మాయి తల్లి మా ఇంటికి వచ్చింది. కాసేపు కొంగు కొస మడతపెట్టుకుంటూ కూర్చుని, మెల్లగా చెప్పింది.

“మాస్టారూ, మా పిల్లకు మోచేతుల మీదా, వేళ్ళ కొసలా తెల్లమచ్చలున్నాయి. అందుకే మండుటెండల్లో కూడా పొడుగు చేతుల బట్టలే వేసుకుంటుంది. మొన్న ఒక సంబంధంవాళ్ళు చూడ్డానికొచ్చి, కుష్ఠు ఉన్న పిల్ల మాకొద్దని లేచిపోయారు. మీరూ తరగతిలో ఆ మాటే అన్నారట. చదువుకున్నవాళ్ళే అలా అంటే ఇంక నాకు చదువెందుకమ్మా అంటోంది.”

నాకు తల కొట్టేసినట్టయింది. “తప్పు నాది తల్లీ, అమ్మాయిది కాదు” అన్నాను. కాని అంతమాత్రంతో సరిపోదు గదా! ఈ మచ్చల సంగతేమిటో తెలుసుకోవాలని, తెలిసిన చర్మవైద్యుల దగ్గర కూర్చుని అడిగాను; దొరికినంత చదివాను. ఆ ముక్కలే ఇక్కడ రాస్తున్నాను. ఏ ఇంట్లోనైనా పనికిరావచ్చు.

కుష్ఠుకూ దీనికీ చుట్టరికం లేదు

‘బొల్లి’ మన మాట. ముఖాన తెల్లమచ్చ ఉన్న ఆవును బొల్లావు అంటాం. మచ్చ ఉందని ఆ ఆవు పాలు వద్దన్నవాళ్ళను నేను చూడలేదు. మనుషుల దగ్గరికి వచ్చేసరికే దాని పక్కన కుష్ఠు చేరింది.

కుష్ఠు సూక్ష్మక్రిమి వల్ల వచ్చేది. ఆ క్రిమిని 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కనిపెట్టాడు. అది కూడా ఈనాడు మందులతో పూర్తిగా నయమయ్యే జబ్బే; ఆ రోగుల్ని వెలివేయడమూ తప్పే. బొల్లిలో క్రిమే లేదు. తాకినా, ఒకే కంచంలో తిన్నా, ఒకరి బట్టలు ఒకరు కట్టుకున్నా అంటుకోదు. కుష్ఠు మచ్చ సాధారణంగా కాస్త వెలిసినట్టుండి, తరచు స్పర్శ కోల్పోతుంది. బొల్లి మచ్చ పాలలా తెల్లగా ఉంటుంది; చీమ కుట్టినా తెలుస్తుంది. అయితే ప్రతి తెల్లమచ్చా బొల్లి కాదు. శోభి ఉంది, పిల్లల బుగ్గల మీద వచ్చిపోయే పాలిపోయిన మచ్చలున్నాయి. అంచేత ఏది ఏదో తేల్చవలసింది వైద్యుడే. పొరుగింటి పిన్నిగారు కాదు.

ఇంతకీ ఎందుకు వస్తుంది?

మన చర్మానికి రంగునిచ్చేది మెలనిన్. దాన్ని తయారుచేసే కణాలు చర్మంలో ఉంటాయి. ఒంట్లోకి వచ్చిన శత్రువుల్ని తరమవలసిన రక్షణదళం పొరపాటుపడి, ఈ రంగు కణాల మీదనే తిరగబడుతుంది. ఇంటి కాపలావాడు ఇంటివాణ్ణే దొంగనుకుని కొట్టినట్టన్నమాట. ఆ కణాలు పోయినచోట తెల్లమచ్చ తేలుతుంది. కొందరిలో ఇదే పొరపాటు థైరాయిడ్ గ్రంథి మీద కూడా జరుగుతుంది. అందుకే వైద్యులు ఆ రక్తపరీక్ష కూడా చేయించమంటారు.

ప్రపంచంలో ఇంచుమించు నూటికి ఒకరికి ఇది ఉంది. వంశపారంపర్యం కొంత లేకపోలేదు. కాని తల్లికో తండ్రికో ఉన్నంత మాత్రాన పిల్లలకు వచ్చితీరాలని లేదు. నూటికి తొంభైమందికి పైగా పిల్లలకు రాదు. సంబంధాలు చూసే పెద్దలు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

మన ఇళ్ళలో చెప్పుకునే కారణాలు వేరు. చేపలు తిని పాలు తాగితే వస్తుందట. పూర్వజన్మ పాపమట. మా ప్రాంతంలో ఫ్లోరైడు నీళ్ళ వల్లనేమో అనేవాళ్ళూ ఉన్నారు. ఆ నీళ్ళు పళ్ళకు గార పట్టిస్తాయి, ఎముకలను పాడుచేస్తాయి, నిజమే. చర్మం మీది తెల్లమచ్చలు మాత్రం దాని లక్షణం కాదు. ఉత్తుత్త మాటల్ని మనం ‘బొల్లి కబుర్లు’ అంటాం. బొల్లి చుట్టూ అల్లుకున్నవన్నీ అవే.

ఒక్క కారణాన్ని మాత్రం తల్లులు నిజంగా పట్టించుకోవాలి. అంటించుకునే బొట్టుబిళ్ళల జిగురులో ఉండే కొన్ని రసాయనాలు రంగు కణాలను చంపుతాయి. నుదుట సరిగ్గా బిళ్ళ పెట్టేచోటే తెల్లబడితే వెంటనే దాన్ని మానేయాలి. కొన్ని రబ్బరు చెప్పులతోనూ, తలకు వేసే రంగులతోనూ ఇదే చిక్కు. 1939లో అమెరికాలో ఒక తోళ్ళ కర్మాగారంలో కూలీల చేతులు తెల్లబడ్డాయి. ఆరా తీస్తే, వాళ్ళు తొడుక్కున్న రబ్బరు తొడుగుల్లోని రసాయనం వల్లనని తేలింది.

ఏం చెయ్యాలి?

మొదట వైద్యుడికి చూపించాలి. ఎంత త్వరగా చూపిస్తే అంత మంచిది. పూతమందులున్నాయి. స్టెరాయిడ్ మందులు వైద్యుడు చెప్పినన్నాళ్ళే రాయాలి, సొంతంగా కొని రాస్తే చర్మం పలచబడిపోతుంది. అతినీలలోహిత కాంతితో చేసే చికిత్స ఉంది. వారానికి రెండు మూడుసార్లు చొప్పున నెలల తరబడి చేయించుకోవాలి. ఆరునెలలన్నా చూడనిదే గుణం కనిపించలేదని మానకూడదు. మచ్చలు పెరగకుండా ఏడాదిపాటు నిలకడగా ఉంటే, మంచి చర్మంలోని రంగు కణాలను తెచ్చి అక్కడ నాటే పద్ధతి కూడా ఉంది. 2022 జూలైలో అమెరికాలో, 12 ఏళ్ళు నిండినవాళ్ళకోసం రుక్సోలిటినిబ్ అనే కొత్త పూతమందుకు అనుమతి ఇచ్చారు.

పోయిన రంగు చాలావరకు వెంట్రుకల కుదుళ్ళలోంచి తిరిగివస్తుంది; అందుకే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ముఖం మీద త్వరగా గుణమిస్తుంది. వెంట్రుకలు లేని వేళ్ళ కొసలూ, పెదవులూ మొండివి. మచ్చ మీది వెంట్రుకలు కూడా నెరిసిపోతే కష్టమే. ఈ సంగతి ముందే తెలిస్తే నిరాశ ఉండదు.

మన బావంచాలకు బొల్లిమందని పూర్వంనుంచీ పేరుంది. అందులో సోరాలెన్ అనే పదార్థం ఉంది. ఆ జాతి పదార్థాన్నే వైద్యులు కొలత ప్రకారం కాంతితో కలిపి వాడారు. కొలత తెలియక ఇంట్లో నూరి రాసుకుని ఎండలో కూర్చుంటే బొబ్బలెక్కుతుంది. వారంరోజుల్లో గ్యారంటీ అనే ప్రకటనలను అసలే నమ్మవద్దు. బొల్లిని నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది.

తెల్లమచ్చ ఎండకు త్వరగా కమిలిపోతుంది కాబట్టి బట్ట కప్పుకోవడమో, ఎండ తగలని పూత రాయడమో చెయ్యాలి. ఒరిపిడి ఉన్నచోట కొత్త మచ్చలు వస్తాయి. లంగా బొందు మరీ బిగించకూడదు, గీరుకోకూడదు. పథ్యాల పేరుతో పిల్లల కడుపు మాడ్చనక్కరలేదు. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ళను గదిలో దాచకపోవడం. మచ్చ కన్న దాచుకోవడమే మనసును ఎక్కువ కుంగదీస్తుంది.

ఆ తల్లి వచ్చిన మర్నాడే తరగతిలో, “మొన్న నేను చెప్పిన అర్థం కొట్టేయండి. శ్విత్రమంటే బొల్లి. కుష్ఠు కాదు, అంటుకోదు” అని చెప్పి, మళ్ళీ రాయించాను. ఆ సంగతి స్నేహితురాళ్ళే మోసుకెళ్ళారు కాబోలు, నాలుగోనాటికి అమ్మాయి వచ్చింది.

తర్వాత ఒంగోలులో వైద్యం చేయించుకుంది. కనిగిరినుంచి బస్సులో పోయిరావడం తల్లీకూతుళ్ళకు తేలిక కాలేదు, అయినా మానలేదు. మోచేతుల మీద చాలావరకు రంగు తిరిగొచ్చింది. వేళ్ళ కొసలు అలాగే ఉన్నాయి. డిగ్రీ పూర్తయింది; ఇప్పుడు బి.ఇడి. చదువుతోంది. ఆమధ్య బజారులో కనిపించి నమస్కారం పెట్టింది. పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని ఉంది.