ఫోన్ టవర్ పడిపోయినా మెసేజ్ వెళ్ళాలి: నా ప్యాకెట్ రేడియోలో దొరికిన వింత బగ్

ఈసారి ఫోన్ రివ్యూ కాదు ఫ్రెండ్స్. సిమ్, ఇంటర్నెట్ రెండూ అక్కర్లేని నెట్‌వర్క్ గురించి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మేం వైజాగ్‌లో, అమ్మమ్మ వాళ్ళు తునిలో. ఫోన్లు చచ్చిపోయాయి. రెండు రోజులు మేం బతికున్నామో లేదో వాళ్ళకి తెలీదు. బీటెక్ అయ్యాక హ్యామ్ లైసెన్స్ తీసుకోవడానికి అసలు కారణం అదే. (లైసెన్స్ లేకుండా ట్రాన్స్‌మిట్ చేస్తే నేరం, గుర్తుంచుకోండి.)

ఇప్పుడు మా డాబా మీద ఒక యాగీ యాంటెన్నా, కింద రాస్ప్‌బెర్రీ పై. డైర్‌వుల్ఫ్ సాఫ్ట్‌వేర్ డేటాను శబ్దంగా మారుస్తుంది, లిన్‌బీపీక్యూ రూటింగ్ చూస్తుంది. స్పీడ్ 1200 బాడ్. నవ్వకండి, టెక్స్ట్‌కి అది చాలు. తునిలో మావయ్య దగ్గర ఒక నోడ్, మధ్యలో ఎలమంచిలిలో క్లాస్‌మేట్ ఇంటి మీద ఇంకోటి.

సమస్య ఏంటంటే, సాయంత్రం మెసేజ్ ఠక్కున వెళ్ళేది, పొద్దున మాత్రం టైమవుట్. కేబుల్ మార్చా. టీఎక్స్‌డిలే పెంచా. ఎండలో డాబా ఎక్కి యాంటెన్నా తిప్పా. రెండు వారాలు వేస్ట్. ఇంజనీర్లం కదా, లాగ్ చూడ్డం చివరికి గుర్తొస్తుంది!

నోడ్స్ కమాండ్ కొట్టి చూస్తే తునికి రెండు దారులున్నాయి. ఎలమంచిలి మీదుగా క్వాలిటీ 144. నేరుగా అయితే 192. నేరుగానా? అంత దూరం మా సిగ్నల్ మామూలుగా వెళ్ళదే!

ఎంహెర్డ్ లిస్ట్‌లో టైమ్ చూస్తే తెల్లవారుజామున 5:40. సముద్రం పక్కన కొన్ని తెల్లవారుజాముల్లో గాలి పొరల మధ్య రేడియో తరంగాలు గొట్టంలో పోయినట్టు చాలా దూరం పోతాయి. దీన్నే డక్టింగ్ అంటారు. ఆ కాసేపట్లో తుని నోడ్ పంపిన బ్రాడ్‌కాస్ట్ నాకు నేరుగా వినపడింది. నెట్‌రోమ్ ప్రోటోకాల్ సిగ్నల్ బలం కొలవదు. విన్న పొరుగు నోడ్‌కి నా కాన్ఫిగ్‌లో ఉన్న 192 ఇచ్చేసింది. రెండు హాప్‌ల దారికి లెక్క 192 × 192 ÷ 256, అంటే 144. పెద్ద నంబరే గెలుస్తుంది. ఎండెక్కాక ఆ దారి మాయమైనా టేబుల్‌లో అలాగే ఉంది. ఆయుష్షు కౌంటర్ 6తో మొదలై గంటకొకటి తగ్గుతుంది మరి. మధ్యాహ్నానికి ఎంట్రీ పోయి, అన్నీ వాటంతటవే బాగైనట్టు కనిపించేది.

కాన్ఫిగ్‌లో రూట్స్ కింద తుని నోడ్‌ని క్వాలిటీ 0తో లాక్ చేశా. అయిపోయిందనుకున్నా. మర్నాడు పొద్దున మావయ్య ఫోన్: "ఒరేయ్, నీ మెసేజ్ వచ్చిందిరా, నా రిప్లై మాత్రం పోవట్లేదు." ఛ! వెళ్ళే దారి వేరు, వచ్చే దారి వేరు. నా బ్రాడ్‌కాస్ట్ కూడా ఆయనకి నేరుగా వినపడింది కదా. ఆయన వైపూ అదే లైను నాది పెట్టి లాక్ చేయించా.

ఒక మాట: ఆటోమేటిక్ రూటింగ్‌ని పూర్తిగా ఆపేయకండి, మధ్య నోడ్ ఇంకోటి కలిస్తే అదే పనికొస్తుంది. అసాధ్యమైన దారులను మాత్రమే లాక్ చేయండి.

ఆదివారం పొద్దున 6:15కి మా ఇంటి మెయిన్ స్విచ్ ఆపేసి, బ్యాటరీ మీద మెసేజ్ పంపా. నిమిషం లోపే స్క్రీన్ మీద రిప్లై వచ్చింది: "అమ్మమ్మ టిఫిన్ చేశావా అని అడుగుతోంది."