మా పక్క చెల్క రంగు మారుతోందట!

మిర్చి బజ్జీల పొట్లం విప్పితే మా ఊరి పేరు కనిపించింది.

మేడ్చల్‌లో కొన్న బజ్జీలవి. అత్వెల్లికి వచ్చి, ప్లేట్లో పోసి, నూనె పీల్చిన కాగితం పారేయబోతూ ఎందుకో ఒకసారి చూశాను. ఏదో పత్రిక లోపలి పేజీ. అగ్గిపెట్టెంత డబ్బాలో చీమల బారులాంటి అక్షరాలు. మేడ్చల్ మండలం, అత్వెల్లి గ్రామం, సర్వే నంబరు ఫలానా... ఆ నంబరు మా చెల్క గెట్టుకు ఆనుకుని ఉన్న భూమిది. దాన్ని కన్జర్వేషన్ జోన్ నుంచి మాన్యుఫ్యాక్చరింగ్ జోన్‌కు మార్చాలని ప్రతిపాదన. అభ్యంతరాలు, సూచనలు ఉన్నవాళ్లు 15 రోజుల్లోగా రాసి ఇవ్వాలి. పేజీ పైన తేదీ చూశాను. అప్పటికి 22 రోజులైంది.

చిన్నాయినకు చూపించాను. కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివిండు. "ఇదేంది బిడ్డా, మనకు ఎవ్వలు చెప్పలేదేంది?" అన్నడు.

"చెప్పిండు కదా చిన్నాయినా, బజ్జీల బండాయన" అన్నాను. ఆయన నవ్వలేదు.

మా వైపు భూమికి ఎకరాలు, గుంటలు, గజాలతో పాటు ఒక రంగు కూడా ఉంటుంది. మాస్టర్ ప్లాన్ మ్యాపులో కన్జర్వేషన్ జోన్‌కు ఆకుపచ్చ, ఇళ్లకు పసుపు, ఫ్యాక్టరీలకు ఊదా. అసలు పేర్లు ఎవరికీ గుర్తుండవు. చాయ్ హోటల్లో కూర్చున్న బ్రోకర్ "గ్రీనా? ఎల్లోనా?" అని ఒక్క మాట అడుగుతాడు. గ్రీన్ అంటే బేరం అక్కడే చల్లబడిపోతుంది. ఎల్లో అంటే ఇంకో చాయ్ చెప్తాడు.

గ్రీన్ అంటే అక్కడ వ్యవసాయం, దానికి దగ్గరి పనులే చేసుకోవాలి. లేఅవుట్ వెయ్యడానికి, గోదాం కట్టడానికి కుదరదు. ఈ సంగతి మా ఇంట్లో దెబ్బ తిన్నాకే తెలిసింది.

నాలా వేరు, జోన్ వేరు

చిన్నాయిన కొడుకు, అంటే మా తమ్ముడు, 2021లో తన వాటా పది గుంటల్లో చిన్న గోదాం వేద్దామనుకున్నాడు. ధరణిలో స్లాట్ బుక్ చేసి, భూమి విలువలో 3 శాతం ఫీజు కట్టి నాలా కన్వర్షన్ చేయించుకున్నాడు. చేతికి ఆర్డరు కాగితం వచ్చింది. 'వ్యవసాయేతర భూమి' అని అందులో స్పష్టంగా ఉంది. ఇంకేం కావాలి? ఇనుప పైపులు, రేకులకు అడ్వాన్సు ఇచ్చేశాడు. తర్వాత కట్టడానికి పర్మిషన్ పెడితే వాపసు వచ్చింది. కారణం ఒక్క ముక్క: కన్జర్వేషన్ జోన్.

మేము తల పట్టుకున్నాం. నాలా అయ్యాక ఇంకా జోన్ ఏమిటి? తీరిగ్గా తెలుసుకుంటే అర్థమైంది. నాలా అనేది 2006 చట్టం కింద రెవెన్యూ శాఖ చేసే మార్పు. ఇది ఇక సాగు భూమి కాదు అని రికార్డులో రాసుకోవడం, అంతే. ఆ భూమిలో ఏం కట్టొచ్చో చెప్పేది మాస్టర్ ప్లాన్. అది మార్చాలంటే చేంజ్ ఆఫ్ ల్యాండ్ యూజ్ కావాలి, అందరూ సీఎల్‌యూ అంటారు. ఒక శాఖలో పాసైన భూమి ఇంకో శాఖలో ఫెయిలవుతుంది. తప్పు మాదే, అడగకుండా కట్టాం. రేకుల అడ్వాన్సులో సగమే వెనక్కి వచ్చింది. ఈ వారం ఎవరైనా మా వైపు భూమి కొనబోతుంటే, పాసు పుస్తకం చూడగానే సంబరపడకండి. సర్వే నంబరు పట్టుకెళ్లి హెచ్ఎండీఏ నుంచి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోండి.

ఈ సీఎల్‌యూ నడిచే దారి ఇది. భూయజమాని హెచ్ఎండీఏకు దరఖాస్తు పెడతాడు. అక్కడ పరిశీలించి ప్రభుత్వానికి, అంటే పురపాలక, పట్టణాభివృద్ధి శాఖకు పంపుతారు. మార్పుకు సుముఖంగా ఉంటే ముసాయిదా నోటిఫికేషన్ వేసి, అభ్యంతరాలకు 15 రోజులు ఇస్తారు. తర్వాత చార్జీలు కట్టించుకుని ఫైనల్ జీవో ఇస్తారు. ఈ మొత్తం కథలో పక్క రైతు నోరు తెరవగలిగేది ఆ 15 రోజులే. జీవో వచ్చాక అరిస్తే కోర్టే దిక్కు.

ఆ 15 రోజులు మొదలైనట్టు చెప్పేది పత్రికలో ఆ అగ్గిపెట్టె డబ్బా. మా గడప దాకా ఏ కాగితమూ రాలేదు. నా చిన్నప్పుడు ఊళ్లో పన్ను వసూలుకు వస్తున్నా, పశువులకు సూదులు వేస్తున్నా డప్పు చాటింపు ఉండేది. 'ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా' అని మూల మూలకూ వినపడేది. పశువుల సూదికి ఉన్న మర్యాద పక్కన రాబోయే ఫ్యాక్టరీకి లేకపాయె!

ఊదా రంగు అంటే భయమెందుకు?

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరు. అనాబ్-ఎ-షాహీ రకం. మా నాయిన కూడా ఎకరంన్నరలో పందిరి వేశాడు. బోర్లు ఎండి తోటలు పోయాయి. పందిరి మోసిన రాతి కడీలు మాత్రం మిగిలాయి. వాటిని ప్లాట్ల ఫెన్సింగ్‌కు కొనుక్కుపోయారు. ఇప్పటికీ బైకు మీద పోతుంటే కొన్ని వెంచర్ల చుట్టూ ఉన్న కడీలను చూసి, 'ఇవి పందిరి కింద పుట్టినవే' అని గుర్తుపడతాను. కడీ నెత్తిన తీగ కట్టిన గాడి ఉంటుంది.

కాబట్టి ఇక్కడ మార్పు కొత్తేమీ కాదు. ఊరు పక్కనే 44వ నంబరు జాతీయ రహదారి. కిందికి పోతే కండ్లకోయ దగ్గర ఔటర్ రింగు రోడ్డు. ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కు, జేబీఎస్ నుంచి శామీర్‌పేటకు మెట్రో తెస్తామని 2025 జనవరి 1న ముఖ్యమంత్రి ప్రకటించారు. అది కాగితం మీద ఉండగానే రేట్లు ఎక్కాయి. ఇంత జరుగుతుంటే మా చెల్కలు మాత్రం జొన్నలు పండిస్తూ ఉండాలని నేను అనను.

అయితే పక్క భూమి విషయంలో మా భయాలు ఊరికే పుట్టినవి కావు. అందులోంచి ఒక బండ్ల బాట పోతుంది. మ్యాపులో ఉందో లేదో గానీ, మా తాతల నుంచి ట్రాక్టరు దాకా అందరూ ఆ బాటనే పోయారు. వాన పడితే పై చెల్కల నీళ్లు ఆ భూమి మూలనుంచే కాలువలోకి జారి చెరువుకు పోతాయి. హెచ్ఎండీఏ పరిధిలో చెరువుల చుట్టూ 30 మీటర్లు, పది హెక్టార్ల లోపు చిన్న కుంటల చుట్టూ 9 మీటర్లు వదలాలని 2012 నాటి 168 జీవో చెబుతోంది. పెద్ద నాలాలకూ 9 మీటర్ల హద్దు ఉంది. పది మీటర్ల వెడల్పు లేని మా కాలువలాంటి దానికి 2 మీటర్లే. ఆ రెండు మీటర్లయినా ఉంటాయా, ప్రహరీ కింద పైపేసి మూసేస్తారా అన్నదే మా గుబులు. కట్టేవాళ్లు చెడ్డవాళ్లని కాదు. చెప్పేవాళ్లు లేకపోతే కాలువ ఉందని వాళ్లకు మాత్రం ఎట్లా తెలుస్తుంది?

ఇంకో భయం కొంచెం పెద్దది. 2025 నవంబరులో ప్రభుత్వం హిల్ట్ పాలసీ తెచ్చింది. ఔటర్ లోపలి పారిశ్రామికవాడల్లో దాదాపు 9,292 ఎకరాలను ఇళ్లకు, ఆఫీసులకు వాడుకునేలా మార్చుకోవచ్చు. రోడ్డు వెడల్పును బట్టి రిజిస్ట్రేషన్ విలువలో 30 లేదా 50 శాతం ఫీజు కట్టాలి. ప్రతిపక్షాలు దీన్ని భూ కుంభకోణం అన్నాయి. నగరం మధ్య ఉన్న కాలుష్య పరిశ్రమలను ఔటర్ అవతలికి పంపడానికే అని ప్రభుత్వం జవాబిచ్చింది. ఎవరి మాట నిజమో అసెంబ్లీ వాళ్లు తేల్చుకుంటారు. నేను ఆగిపోయింది 'ఔటర్ అవతల' అన్న మాట దగ్గర. టీవీలో కూర్చున్నవాళ్లకు అది ఖాళీ జాగాలా వినపడుతుంది. ఔటర్ అవతల అంటే మేమే. పటాన్‌చెరు, జీడిమెట్లల్లో బోరు నీళ్లు ఏమయ్యాయో కళ్లారా చూసినవాళ్లం. కాబట్టి పక్క సర్వే నంబరు ఊదా రంగులోకి పోతోందంటే, వచ్చేది బిస్కెట్ల గోదామా, మందుల ఫ్యాక్టరీయా అని అడగాలనిపిస్తుంది. నోటిఫికేషన్‌లో జోన్ పేరు ఉంది గానీ, ఏం పెడతారో లేదు.

కామారెడ్డిలో తెలిసింది, ఇక్కడ తెలియలేదు

మా 44వ నంబరు రోడ్డు మీదే ఉత్తరానికి ఎనభై, తొంభై కిలోమీటర్లు పోతే కామారెడ్డి. అక్కడ మున్సిపాలిటీ మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు తమ పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో, వంద అడుగుల రోడ్లలో పోతున్నాయని చుట్టుపక్కల ఊళ్ల రైతులకు తెలిసింది. 2023 జనవరి మొదటి వారంలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. మర్నాడు ఊళ్లకు ఊళ్లు కలెక్టరేట్ ముందుకు కదిలాయి. 'ఇది ముసాయిదానే, అభ్యంతరాలు ఇవ్వండి' అని అధికారులు చెప్పినా జనం వినలేదు. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. అదే నెలలో జగిత్యాలలోనూ మాస్టర్ ప్లాన్ వెనక్కి పోయింది.

అక్కడ ఊరంతా ఒకేసారి రంగు మారబోయింది కాబట్టి అందరికీ ఒకేసారి నొప్పి పుట్టింది. మా దగ్గర ఒక్కో సర్వే నంబరు, ఒక్కో ఎకరం విడివిడిగా మారుతుంది. ఎవరి భూమి మారితే వాళ్లకు సంతోషం. పక్కవాడికి తెలియదు, తెలిసినా 'రేపు నాది కూడా మారొచ్చు కదా' అని మెత్తగా ఉంటాడు. పదేళ్లు గడిస్తే ఆకుపచ్చ మ్యాపు చిరుతపులి చర్మంలా మచ్చలు మచ్చలుగా తయారవుతుంది. దాన్ని ప్లాన్ అనడానికి నాకైతే నోరు రాదు.

అడుగుదామంటే ఎవరిని అడగాలో కూడా ఒక చిక్కే. సర్పంచ్ ఉన్నప్పుడు గ్రామసభ ఉండేది. మేడ్చల్ మున్సిపాలిటీలో కలిశాక కౌన్సిలర్ వచ్చాడు. 2020 జనవరిలో ఎన్నికైన మున్సిపల్ పాలకవర్గాల గడువు 2025 జనవరిలో అయిపోయింది. అదే ఏడాది డిసెంబరులో మేడ్చల్‌తో సహా 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్ఎంసీలో విలీనం చేశారు. వార్డుల హద్దుల ముసాయిదా రాగానే వేలల్లో అభ్యంతరాలు వెళ్లాయి. ఎందుకంటే అది టీవీలో వచ్చింది, వాట్సాప్‌లో తిరిగింది, పార్టీలు కాగితాలు పట్టుకుని ఇంటింటికీ వచ్చాయి. ఓటుకు సంబంధించిన హద్దు కదా! చెల్క హద్దుకు అంత బలగం ఎక్కడిది?

ఇప్పుడు హెచ్ఎండీఏ పరిధి రీజినల్ రింగు రోడ్డు దాకా పెరిగి పది వేల చదరపు కిలోమీటర్లు దాటింది. 2050 కోసం కొత్త మాస్టర్ ప్లాన్ అంటున్నారు. అది వచ్చేనాటికి ఒక్క పని చేసినా చాలని నా ఆశ. ఏ సర్వే నంబరు రంగు మారుతున్నా, ఆ భూమి గెట్టు మీద తెలుగులో ఒక బోర్డు పాతాలి. వెంచర్ వాళ్లు ఫ్లెక్సీలు కట్టడం లేదా? చుట్టూ ఉన్న పట్టాదారుల ఫోన్ నంబర్లు రికార్డుల్లో ఉండనే ఉన్నాయి, ఒక మెసేజ్ పెట్టాలి. రైతుబంధు పడ్డప్పుడు మెసేజ్ వచ్చింది కదా.

బజ్జీల కాగితం దొరికిన ఆదివారమే అభ్యంతరం రాయడానికి కూర్చున్నాం. గడువు దాటిందని తెలుసు. అయినా ఇన్వర్డ్ ముద్ర పడితే రేపు ఎప్పుడైనా పనికొస్తుందని మా తమ్ముడు అన్నాడు, దెబ్బ తిన్నాక వాడికి కాగితం విలువ బాగా తెలిసింది. బండ్ల బాట, కాలువ, బోర్లు అని వరసగా రాశాను. కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ వంక తిరుగుతుందో చిన్నాయిన చెబుతుంటే వెనుక ఒక బొమ్మ కూడా గీశాను. ఏ మ్యాపులోనూ లేని చింతచెట్టు ఆ బొమ్మలో వచ్చింది.

సంతకం పెట్టి చిన్నాయిన కాసేపు ఊరుకున్నడు. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ అడిగిండు:

"గదే ఆఫీసుకు పోతున్నవ్ కదా బిడ్డా... మనది గూడ ఎల్లో చెయ్యాల్నంటే ఎంతైతదో జర అడిగి రా."