ఓరుగల్లు కోట దర్శనము: సంఘ యాత్రలకు కొన్ని వివరణలు

వేసవి సెలవులలోను, క్రిస్మస్ తరువాతి రోజులలోను యౌవనస్థుల కూటములు, సండేస్కూలు పిల్లలు బస్సులలో వరంగల్లు కోట చూడటానికి వస్తుంటారు. తోరణముల క్రింద ఫోటోలు దిగుతారు, తెచ్చుకొన్న పులిహోర తింటారు, బస్సెక్కుతారు. కోటను గూర్చి వారికి ఎవరు ఏమి చెప్పారని అడిగితే, సాధారణముగా రెండే జవాబులు వస్తాయి. "తురకలు వచ్చి పడగొట్టారు" అనునది ఒకటి. "విగ్రహముల గతి ఇట్లే అగును" అనునది రెండవది. మొదటిది దారిలో ఎవరో చెప్పినది, రెండవది అనేకసార్లు కాపరి చెప్పినదే. ఈ రెండు మాటలకును అక్కడి రాళ్ళు చెప్పే సాక్ష్యమునకును ఎంత పొందిక ఉన్నదో పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము. పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞ, చనిపోయి ఏడు వందల సంవత్సరములైన పొరుగువారి విషయములో కూడ వర్తిస్తుందని మేము తలస్తున్నాము.

మొదట కోటను గూర్చి. కాకతీయులు తొలుత హనుమకొండ నుండి పాలించారు. గణపతిదేవుని కాలములో (1199–1262) ఓరుగల్లు రాజధానిగా స్థిరపడినది. ఆయన కుమార్తె రుద్రమదేవి కోటను మరింత బలపరచినది. ఓరుగల్లు అనగా ఒంటి రాయి. కోటలోపల ఉన్న ఆ ఏకశిల గుట్టను చూపిస్తే పేరు పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. లోపలి రాతి ప్రాకారము వ్యాసము సుమారు 1.2 కిలోమీటర్లు. సున్నము లేకుండ రాయిపై రాయి పేర్చి కట్టినది. దానికి 45 బురుజులు, చుట్టూ అగడ్త ఉన్నవి. దాని వెలుపల సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసము గల మట్టికోట, ఇంకను దూరముగా మూడవ మట్టి కట్ట ఉన్నవి. రాతి గోడనే అందరూ మెచ్చుకొంటారు గాని, ఢిల్లీ సేనలను విసిగించినది మట్టిగోడ. 1310 నాటి ముట్టడిని గూర్చి వ్రాసిన అమీర్ ఖుస్రో ఆ మట్టిగోడ గట్టితనమును ఎంతో చెప్పుకొన్నాడు. ద్వారములు నేరుగా లోపలికి తెరచుకొనవు. లోపలికి పోవువాడు మలుపు తిరగవలెను, తిరుగునప్పుడు అతని ప్రక్క పైనున్నవారికి దొరుకుతుంది. నేడు ఆటోలు, ట్రాక్టర్లు హారన్ కొట్టుకొంటూ ఆ మలుపులోనే ఆగి ఆగి పోవుటను చూస్తే, కట్టినవారి ఆలోచన ఇంకను పనిచేస్తున్నట్లే ఉంటుంది. కోటలోపల ఖిలా వరంగల్ అను ఊరు ఉన్నదని, అక్కడ జనులు కాపురముంటున్నారని యాత్రికులు మరువరాదు.

ఆ రాజులెవరు అను ప్రశ్న కూడ పిల్లలు అడుగుతారు. కాకతీయుల వర్ణమును పేర్కొన్న శాసనములలో ఎక్కువ భాగము వారిని చతుర్థ వర్ణమువారిగానే చెప్తున్నవి. రుద్రమదేవి రుద్రదేవ మహారాజు అను పురుష నామముతో పాలించినది. ఆమె మరణమును తెలిపే చందుపట్ల శాసనము 1289 నాటిది. కోహినూరు వజ్రము ఇక్కడనుండే పోయినదను కథ తప్పక వినబడుతుంది. దానికి ఆధారపత్రము లేదని చెప్పి ముందుకు నడువవచ్చును.

ఇక తోరణములు. కోట నడుమ స్వయంభూ శివాలయము ఉండెడిది. దాని ఆవరణకు నాలుగు దిక్కుల నిలిచిన కీర్తి తోరణములే నేడు మనము చూస్తున్నవి. 2014లో తెలంగాణ రాష్ట్రము స్వీకరించిన చిహ్నములో చేరినది ఇదే తోరణము. 1323లో ఉలుగ్ ఖాన్ (తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు) కోటను పట్టుకొని, ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టినాడు. ఆలయము కూల్చబడినది, ఇందులో సందేహము లేదు. చెక్కిన స్తంభములు, దూలములు నేలమీద పరుచుకొని ఉండుట కళ్ళారా చూడవచ్చును. అయితే పడగొట్టినవారే నాలుగు తోరణములను ఎందుకు విడిచిపెట్టినారు? ఆలయపు రాళ్ళతోనే ఆ ఆవరణ మధ్య ఒక మసీదు కట్టి, తోరణములను దానికి హద్దులుగా కావాలనే నిలిపి ఉంచినారని కొందరు చరిత్రకారుల అభిప్రాయము. తోరణములమీద హంసలు, మొసళ్ళు, తామర మొగ్గలే తప్ప దేవతా మూర్తులు ప్రధానముగా లేకపోవుట ఈ అభిప్రాయమునకు అనుకూలము. కొద్ది దూరములోనున్న ఖుష్ మహల్‌ను షితాబ్ ఖాన్ కట్టించినాడని వాడుక. కాని లోపలికి వాలిన దాని గోడలు తుగ్లక్ కట్టడముల పద్ధతిలో ఉన్నందున అది 14వ శతాబ్దపుదని ఇప్పుడు పలువురు అంటున్నారు. కూల్చుట, వాడుకొనుట, నిలుపుట మూడును ఒకేచోట జరిగినవి. "పడగొట్టారు" అను ఒక్క క్రియలో ఇదంతయు ఇమడదు.

ఇట్టి మార్పు 1323లోనే మొదలు కాలేదు. హనుమకొండలో బతుకమ్మలు వేసే పద్మాక్షి గుట్టకు పోయి చూడండి. అక్కడి 1117 నాటి శాసనము, కాకతీయ మంత్రి భార్య మైలమ కట్టించిన జైన బసదిని గూర్చి చెప్తున్నది. గుట్ట రాతిమీద తీర్థంకరులు ఇప్పటికిని ఉన్నారు, పూజ అమ్మవారికి. కూల్చకుండగనే ఒక మతస్థలము మరొకటైన సంగతి ఇది. వేయి స్తంభముల గుడి 1163 నాటిది, శివ, విష్ణు, సూర్యులకు మూడు గర్భగృహములు గల త్రికూటాలయము. ఇందులోని శాసనమే రుద్రదేవుని స్వతంత్ర పాలనకు ఆధారము. కల్యాణ మండపమును విప్పి తిరిగి నిలబెట్టుటకు ఏండ్లు పట్టినవి, 2024 మార్చిలో అది తెరువబడినది. ఇక్కడ నేటికిని పూజ జరుగుతున్నది. మన పిల్లలు చెప్పులు విడిచి, గట్టిగా వ్యాఖ్యానములు చేయకుండ చూచుట కాపరి బాధ్యత.

ఇతరుల రాళ్ళను గూర్చి మాట్లాడువారు తమ రాళ్ళను కూడ చూచుకొనవలెను గనుక, జర్మనీలోని విటెన్‌బర్గ్ అను చిన్న పట్టణమును జ్ఞాపకము చేస్తాము. 1517లో లూథరు తన వాదములను పెట్టినాడని చెప్పే కోట దేవాలయపు చెక్క తలుపులు 1760 అగ్నిలో పోయినవి. నేడు యాత్రికులు ఫోటో తీసుకొనేవి 1858లో పెట్టిన కంచు తలుపులు. ఇది చిన్న సంగతి. అదే ఊరి పట్టణ దేవాలయపు గోడమీద, లూథరు బోధించిన ఆ గోడమీదనే, యూదులను పందితో కలిపి అవమానించే మధ్యయుగపు శిల్పమొకటి ఉన్నది. సంఘము 1988లో దాని క్రింద ఒక స్మారక ఫలకము వేసినది. తీసివేయవలెనని ఒక యూదుడు వ్యాజ్యము వేయగా, 2022 జూన్‌లో అక్కడి ఉన్నత న్యాయస్థానము తీసివేయనక్కరలేదని తీర్పు చెప్పినది. ఉంచి వివరించుటయా, తీసి దాచుటయా అని వారు నేటికిని వాదించుకొంటున్నారు. తెలుగులో తొలి అచ్చు పుస్తకములు 1746–47లో వెలువడిన హాలె నగరము అక్కడికి దూరము కాదు. కనుక ఆ గోడ మనకు పూర్తిగా పరాయిది కాదు.

సమయమున్నవారు కాజీపేట–విజయవాడ రైలు మార్గములోని డోర్నకల్‌లో దిగవలెను. భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు వి. యస్. అజరయ్యగారు అక్కడ కట్టించిన ఎపిఫని కథీడ్రల్ 1939 జనవరిలో ప్రతిష్ఠింపబడినది. గుడి స్తంభముల తీరు, మసీదు గుమ్మటముల తీరు ఒకే ప్రార్థనా మందిరములో చేరినవి. ఎవరి ఆలయమును పడగొట్టియు తెచ్చిన రాళ్ళు కావు. ఓరుగల్లును ఉదయము చూచి డోర్నకల్‌ను సాయంత్రము చూచిన విద్యార్థులు తిరుగు రైలులో అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి.